మూడు మెట్లు కిందికి

"ఇది గుడ్డా? మీ కంటికి ఇది తుడుచుకునే గుడ్డలా కనిపించిందా?"

అక్క నీలం సిల్కు స్కార్ఫును భర్త ముక్కు ముందు ఆడించింది. దాని అంచున రెండు జిడ్డు మరకలు, సరిగ్గా కళ్ళద్దాలంత.

"మెత్తగా ఉంది కదా అనీ..." అన్నాడాయన పేపరు దించకుండా.

"కింద కొట్టు నిండా తుడిచే గుడ్డలే! ఊళ్ళోవాళ్ళకి కళ్ళజోడుతో పాటు ఒకటి ఊరికే ఇస్తారు. ఇంట్లోకి వచ్చేసరికి చేతికి ఏది తగిలితే అది. మొన్న దిండు గలీబు, నిన్న కిటికీ తెర, ఇవాళ నా స్కార్ఫు."

"గుడ్డలు కింద ఉన్నాయి. నా కళ్ళు పైన ఉన్నాయి. నేనేం చెయ్యను?"

"చిన్నప్పుడు పలక కూడా నా దుప్పటితోనే తుడిచేవాడమ్మాయ్," అని అత్తగారు కాఫీ కప్పు వెనక నుంచి సాక్ష్యం చెప్పింది. "చెప్పీ చెప్పీ నోరు పడిపోయి నీకప్పగించాను."

మామూలు రోజైతే ఆ స్కార్ఫు ఉతికి ఆరేస్తే సరిపోయేది. కానీ ఆవేళ బుధవారం, కొట్టుకి సెలవు. మధ్యాహ్నం స్టూడియోలో పాట, పాట తరవాత ఆ స్కార్ఫుతో ఆల్బమ్ అట్ట మీదికి ఫోటో. అక్క పాడబోతున్న మొట్టమొదటి ఆల్బమ్. పొద్దున్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. అందుకే ఆ కోపం.

ఆమెను అక్క అని పిలవాల్సినవాడు నిజానికి ఒక్కడే, పియానో వాయించే తమ్ముడు. వాడు పిలుస్తుంటే విని బ్యాండులో మిగిలిన ఇద్దరూ, వాళ్ళని చూసి పాట వినడానికి వచ్చేవాళ్ళూ అక్క అనడం మొదలుపెట్టారు. పగలు భర్తతో పాటు కళ్ళజోళ్ళ కొట్టులో నిలబడి, వచ్చినవాళ్ళ చేత గోడ మీది అక్షరాలు చదివిస్తుంది. శుక్రవారం సాయంత్రం బస్టాండు ఎదురుగా మేడ మీదున్న కాఫీ హోటల్లో జాజ్ పాడుతుంది. పోస్టాఫీసులో స్టాంపులు అమ్మే పొడుగాయన నిలువెత్తు తీగల బాసు వాయిస్తాడు. డ్రమ్ములు టైలరువి. తమ్ముడు వారమంతా ఊళ్ళోవాళ్ళ పియానోలు శ్రుతి చేస్తూ తిరుగుతాడు, తిండి మాత్రం రెండు పూటలా అక్క ఇంట్లోనే.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో జాజ్ అంటే ఇలాంటి వ్యవహారమే. శనివారం ఈ ఊరి టైలరు పక్క ఊరి లాడ్జిలో వాయిస్తాడు, అక్కడి ట్రంపెట్టు ఆయన ఇక్కడికి వస్తాడు. పాటలు అందరివీ అవే, పాడే తీరు మాత్రం ఎవరిది వాళ్ళది. వినేవాళ్ళలో సగం మంది వంకలు పెట్టడానికే వస్తారు. ఈ మధ్య ఇంజనీరింగు చదివిన ఒక అమ్మాయి తన ఇంటి వెనక గదిలో స్టూడియో పెట్టి, ఈ ఊళ్ళలో పాడేవాళ్ళని ఒక్కొక్కరినే రికార్డు చేస్తోంది. మొదట రైల్వేస్టేషన్లో టికెట్లిచ్చే గుమస్తా ఆల్బమ్ వచ్చింది, తరవాత పక్క ఊరి నర్సుది. అక్క రెండూ విని తీర్పు చెప్పేసింది.

"గుమస్తా గొంతు మంచిదే గానీ, ప్రతి మాటనీ టికెట్టు చింపినట్టు చింపి చేతిలో పెడుతున్నాడు. నర్సు మాత్రం, పాపం, శ్రుతి దించేసుకుందిరా! నా కంటే అయిదేళ్ళు చిన్నది. నన్ను చూడు. రేడియోలో పాడిన రోజు ఎలా ఉందో నా గొంతు ఇవాళా అలాగే ఉంది."

తమ్ముడు గ్లాసెడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగేశాడు. అంత దాహం ఎందుకు వేసిందో అప్పుడెవరూ అడగలేదు.

స్టూడియో గదిలో గోడలకి పాత పరుపులు నిలబెట్టి ఉన్నాయి. పియానో వీపు మీద బొంత. పక్కనే వంటగదిలో ఫ్రిజ్జు రొద మైకులో పడుతుందని దాన్ని ఆపేసి, లోపలి పాల గిన్నె తీసి కిటికీలో పెట్టారు. ఇంజనీరు అమ్మాయి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒక సంగతి చెప్పాలని తెగ ఆరాటపడుతోంది.

"మేడమ్, మీ పన్నెండేళ్ళ కిందటి రేడియో పాట సంపాదించాను! ఆల్బమ్ దానితో మొదలుపెడదాం. ముందు ఆ గొంతులో రెండు లైన్లు, అక్కడ్నించి ఎక్కడా ఆగకుండా ఇప్పటి గొంతులోకి. ఒక్క అంగలో పన్నెండేళ్ళు!"

అక్కకి సంబరం పట్టలేదు. "ఎంత బాగా ఆలోచించావమ్మా!"

"ఎందుకండీ ఆ పాతవన్నీ తవ్వడం?" అన్నాడు తమ్ముడు. "ఒకటే గరగర."

"గరగర తీసేశాను సార్."

తమ్ముడు స్టూలు ఎత్తు సవరించుకున్నాడు. సవరించాల్సిన పనేమీ లేదు.

ఆ పాట వాన వెలిసిన వీధి గురించి. వెళ్ళిపోబోతున్న మనిషిని ఇంకాసేపు ఉండిపొమ్మని అడుగుతుంది. 'ఉండిపో' అన్న మాట దగ్గర గొంతు పైకి వెళ్ళాలి. మొదలుపెట్టే ముందు తమ్ముడు ఎప్పటిలాగే పియానో చాటున వేళ్ళు కిందికి చాచి పొడుగాయనకి చూపించాడు. అక్క ఏళ్ళ తరబడి చూస్తున్నదే. పాట ఎన్నిసార్లు తిప్పి వాయించాలో చెబుతున్నాడనుకునేది. చెవితో నేర్చుకున్న పాట ఆమెది. పియానో ఎత్తుకున్న చోట అందుకోవడమే తప్ప, ఎక్కడ ఎత్తుకున్నాడో ఎన్నడూ అడగలేదు. తన శ్రుతి తమ్ముడికి తెలుసు, అంతే.

పాట హాయిగా సాగింది. ఇంజనీరు అమ్మాయి పాతదాన్నీ కొత్తదాన్నీ అతికించి వినిపించింది.

అతుకు దగ్గరికి రాగానే, ఇంకో మెట్టు ఉందనుకుని వేసిన కాలు గాల్లోకి దిగినట్టయింది అందరికీ. అమ్మాయి కంగారుగా మళ్ళీ వినిపించింది. మళ్ళీ అదే.

"సార్, శ్రుతి మార్చారా? మూడు మెట్లు కింద ఉందే!"

పొడుగాయన బాసు మీద లేని దుమ్ము తుడవసాగాడు. టైలరు చేతిలో ఉన్న రెండు పుల్లల్నీ లెక్కపెట్టుకున్నాడు. వాళ్ళ వాలకం చూడగానే అక్కకి అర్థమైపోయింది. తెలియనిది తనకొక్కదానికే.

"ఎప్పట్నించిరా?"

"ఒక్కసారిగా కాదక్కా," తమ్ముడు నీళ్ళు నమిలాడు. "నీకు పెద్ద జలుబు చేసిందే, ఆ ఏడాది ఒక మెట్టు. జలుబు తగ్గాక పెంచేద్దామనుకున్నాను..."

"తరవాత?"

"తరవాత ఇంకొకటి."

"మూడోది?"

"మొన్న."

"మొన్నంటే?"

"మొన్నే. నర్సు ఆల్బమ్ వచ్చిన వారం."

అక్క మొహం ఎర్రబడింది. "పాత శ్రుతిలో వాయించు," అంది. వాయించాడు. 'ఉండిపో' దగ్గరికి వచ్చేసరికి గొంతు పైకి వెళ్ళనైతే వెళ్ళింది గానీ, మాట పోయి ఈల మిగిలింది.

"ఇంకోసారి చేద్దామా మేడమ్?" అంది అమ్మాయి మర్యాదగా.

"ఇంకోసారీ వద్దు, అసలు రికార్డే వద్దు. ఈ వయసులో నాకెందుకమ్మా పాటలు? జోళ్ళు అమ్ముకుంటాను."

"ఆదివారం దాకా ఆగుతాను మేడమ్. ఆ తరవాత మీ కోసం పెట్టిన తేదీలు ట్రంపెట్టు ఆయనకి ఇచ్చేయాలి," అంది అమ్మాయి. ఫోటో సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ రాత్రి తమ్ముడు పిల్లిలా వచ్చి భోజనానికి కూర్చున్నాడు. అక్క పళ్ళెం చప్పుడయ్యేలా పెట్టింది.

"బావా, నువ్వైనా చెప్పు."

"నన్ను లాగకండి. నాకు పాటలో పైనా కిందా తెలిసి చావదు," అన్నాడు బావ.

"మీకు తెలిసిందే అడుగుతాను," అంది అక్క భర్తతో. "కస్టమరుకి పవరు పెరిగిందనుకోండి. వాళ్ళకి చెప్పకుండా అద్దాలు మార్చేస్తారా?"

"చెప్పకుండా ఎలా మారుస్తాం? వీధిలోకి వెళ్ళగానే తల తిరిగి పడరూ?"

"విన్నావా?"

"విన్నాను. చెబితే నువ్వు పాడటం మానేసేదానివి."

"అని నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? ఇవాళ మానేశావు కదా."

అత్తగారు కూర గిన్నె ఒకసారి ఇటూ ఒకసారి అటూ జరిపి, ఎవరూ వేసుకోకపోయేసరికి తనే వేసుకుంది.

గురువారమంతా ఆ మాట పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. వాడు చెప్పకపోవడం తప్పే. కానీ చెప్పి ఉంటే మానేసేదాన్నన్నది అబద్ధం కాదు. అలా మానేసి ఉంటే ఈ ఏళ్ళన్నీ శుక్రవారం సాయంత్రాలు ఏం చేస్తూ ఉండేది? ఇప్పుడు మానేస్తే రాబోయే శుక్రవారాలన్నీ అంతే కదా.

శుక్రవారం మధ్యాహ్నం కొట్టు వెనక, అద్దాలు అరగదీసే గదిలో కూర్చుని, ఇంజనీరు అమ్మాయి పంపిన రెండు పాటలూ ఫోనులో పెట్టుకుంది. గుమస్తానీ నర్సునీ విన్నట్టే, పరాయివాళ్ళవి అనుకుని వినాలని గట్టిగా అనుకుంది.

రేడియో పాట మొదటిసారి వింటే ముద్దొచ్చింది. రెండోసారికి కనుబొమలు ముడిపడ్డాయి. ఈ పిల్లకి దూరం నుంచే ఆ పై స్వరం కనిపిస్తోంది. ముందున్న మాటలన్నిటినీ తొక్కుకుంటూ, కదిలే బస్సు వెనక పరుగెత్తినట్టు దాని కోసమే పరుగెడుతోంది. అందుకున్నాక ఎంత పొంగిపోతోందో! ఎవరినైనా ఉండిపొమ్మని అడుగుతున్నట్టు మాత్రం లేదు. నేనెంత పైకి వెళ్ళానో చూశారా అంటున్నట్టుంది.

బుధవారం పాటలో తొందర లేదు. రెండో లైను మధ్యలో ఊపిరి తీసుకోకూడని చోట తీసుకుంది, అది పెద్ద తప్పే. కానీ 'ఉండిపో' అన్నప్పుడు ఆ వెళ్ళబోయే మనిషి గదిలోనే ఉన్నాడు, చెప్పులు వేసుకుంటూ ఆగాడు కూడా. కొనుక్కోవాల్సి వస్తే రెండోదే కొనుక్కునేదాన్ని అనిపించింది. అనిపించినందుకు తమ్ముడి మీద ఇంకాస్త కోపం వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె మెట్లెక్కి వస్తుంటే బ్యాండు మొత్తం బిక్కమొహం వేసింది. కాఫీ హోటల్లో కప్పుల చప్పుడు, కుర్చీల చప్పుడు, కింద బస్సు హారన్లు. వాన పాట వంతు వచ్చింది. తమ్ముడి చెయ్యి అలవాటుగా పియానో చాటుకి పోయింది.

"వేళ్ళు కాదు. నోటితో చెప్పు," అంది అక్క.

"మూడు మెట్లు కిందికి."

"ఇంకొకటి దించు."

"అక్కా, అంత కిందైతే చివరి లైను అందదు. వద్దు."

"నా గొంతు, నా ఇష్టం. దించు."

పొడుగాయన ఒక అడుగు వెనక్కి వేసి, చెయ్యి చోటు మార్చుకున్నాడు. పాట మొదలైంది. 'ఉండిపో' వెన్నలా వచ్చింది. కానీ చివరి లైనుకి గొంతు నేలకి రాసుకుంది, మాట బదులు ఉత్త గాలి వచ్చింది. ముందు బల్ల దగ్గరాయన అది కావాలని చేసిందనుకుని "ఆహా" అన్నాడు. తమ్ముడు తన వంతు వాయిస్తున్నప్పుడు అక్క పియానో మీదికి వంగింది.

"నాలుగు ఎక్కువైందిరా."

"చెప్పాను కదా."

"చెప్పావు. అలా చెప్పమనే నేను అడుగుతున్నది."

తమ్ముడు ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. రెండో విడతలో అక్క ఆ పాటే మళ్ళీ అడిగి, మూడు మెట్లు కింద పాడింది. ఈసారి ఊపిరి సరైన చోటే తీసుకుంది. కాఫీలు తెస్తున్న మనిషి ట్రే పట్టుకుని పాట అయ్యేదాకా తలుపు దగ్గరే ఆగిపోయాడు. కాఫీలు చల్లారాయని తరవాత ఇద్దరు పోట్లాడారు.

అయినా అక్క ఎవరికీ ఏమీ చెప్పలేదు. శనివారం కూడా మూతి బిగించుకునే తిరిగింది. ఆదివారం మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారికి వడ్డించి, తమ్ముడి పళ్ళెంలో అడగకుండానే రెండోసారి కూర వేసి, అప్పుడు నోరు విప్పింది.

"రికార్డు చేస్తున్నాను. ఆ అమ్మాయికి పొద్దున్నే ఫోను చేసి చెప్పాను. పాటలన్నీ ఇప్పటి శ్రుతిలోనే. ముందు రేడియో పాట పెట్టొద్దన్నాను. అది అప్పుడు పాడాను, అయిపోయింది."

తమ్ముడు ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు.

"ఇక మీదట ఏ పాట ఎక్కడ ఎత్తుకోవాలో నేను చెబుతాను. నీకు నచ్చకపోతే నా మొహం మీదే చెప్పు."

"నువ్వు అరిస్తే?"

"అరుస్తాను. అయినా చెప్పు."

"సరే అయితే. ఇప్పుడే చెబుతున్నాను, రెండో పాటకి మూడు చాలవు, నాలుగు కావాలి."

అక్క చేతిలో గరిటె ఆగింది. అత్తగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"పాడి చూస్తాను," అంది అక్క చివరికి. "మంగళవారం నుంచి గురువారం దాకా స్టూడియో. ఆ మూడు రోజులూ నేను వంట చెయ్యను, కొట్లో నిలబడను, ఎవరి మీదా అరవను. గొంతు దాచుకోవాలి. ఎవరేం పని చూసుకుంటారో ఇప్పుడే తేల్చండి."

"వంట నేను చూస్తాలే అమ్మాయ్," అంది అత్తగారు. "అరవకుండా మూడు రోజులు ఉండగలవా అని నా బెంగ."

భర్త మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాడు.

"ఏమోయ్ బావమరిదీ," అన్నాడు గొంతు తగ్గించి, "ఇలాంటి రికార్డులు ఏడాదికి ఎన్ని చెయ్యొచ్చంటావు?"