పక్షి చెప్పిన సాక్ష్యం

టైపిస్టమ్మ పాదంతో పెడల్ నొక్కి రికార్డింగును మళ్ళీ వెనక్కి తిప్పింది. హెడ్‌ఫోన్లో ముసలాయన గొంతు మొదటికొచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకుని, చెవుల మీద రెండు అరచేతులూ అదిమి పెట్టుకుని విన్నది.

"మెట్ల దగ్గర వాణ్ణి నేనే మొదట..."

అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాతి మాటే నీళ్ళలో మునిగిపోతోంది. చివర "శాను" అన్న ముక్క తేలుతోంది. ఏం శాను? మోశానా, లేపేశానా? మెట్ల మీంచి పడి చచ్చిపోయిన మనిషి గురించిన విచారణ ఇది. ఆ మెట్ల దగ్గర, అందరికన్నా ముందు, ఏం చేసి ఉంటాడు? పాపం, ఒప్పేసుకున్నాడన్నమాట అనుకుని, "తోశాను" అని కొట్టి ముందుకు పోయింది.

ఇలాంటి అతుకులు ఆవిడకి కొత్త కాదు. వినపడని మాట చోట, అటూ ఇటూ వినపడ్డ మాటల్ని బట్టి ఏదో ఒకటి వేసి కుట్టేయడం కొన్నేళ్ళుగా అలవాటైపోయింది. విచారణల ఆఫీసులో కాగితం మీద ఏది ఉంటే మనిషి అదే మాట్లాడినట్టు. రికార్డింగు మళ్ళీ వినే ఓపిక ఎవడికుంది?

అతుకు బయటపడింది ఒక్కసారే. "సాక్షి చెప్పిందేమిటంటే" అని ఉండాల్సిన చోట "పక్షి చెప్పిందేమిటంటే" అని పడింది. అదీ ఒకచోట కాదు, పేజీ పొడుగునా పక్షే మాట్లాడింది. పక్షి ఇంటికి తాళం వేసింది, పక్షి రిక్షా పిలిచింది. పెద్దాఫీసరు దాన్ని నలుగురిలో చదివి వినిపిస్తే హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. అందరికన్నా గట్టిగా ఆవిడే నవ్వింది. ఇంటికెళ్ళి, స్నానాల గదిలో పంపు తిప్పి ఏడ్చింది. ఆనాటి నుంచి ఆవిడ పేరు పక్షి.

"కంప్యూటర్లో రొదండీ," అని చెప్పుకుంది సూపర్నెంటుతో. అబద్ధం కాదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే వెనక ఎప్పుడూ చీమల పుట్ట కదిలినట్టు ఒకటే రొద, మౌసు జరిపితే కీచుమనడం.

సూపర్నెంటు మంచివాడే, నోరే కాస్త దురుసు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు కాకూడదు కదమ్మా. సరే, మద్దెల మార్పిస్తాను. ఆ తర్వాత కూడా తప్పులొస్తే మాత్రం ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి," అన్నాడు.

ఇంటి దగ్గర ఏముందని? అక్క ఇంట్లో మేడ మీద ఒక గది. తండ్రి చనిపోయిన ఏడాదే టైపు నేర్చుకుని, ఆ వేళ్ళతోనే అక్కకి పెళ్ళి చేసింది. తనకి వచ్చిన ఒక్క సంబంధం వాళ్ళు ఉద్యోగం మానెయ్యాలంటే, వద్దు పొమ్మంది. మిషన్లు పోయాయి, క్యాసెట్లు పోయాయి, కంప్యూటర్లు వచ్చాయి. ఎవరెవరివో ఏడుపులు, బొంకులు, ఒట్లు, అన్నీ ఆ రెండు చెవుల్లోకే పోశారు. చెవిలో చెప్పుకునే ముచ్చట మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడు అక్క కిందనుంచి ఏం అరిచినా ఆవిడ "ఊఁ" అంటుంది. "సంపాదిస్తున్నానని పొగరు దీనికి," అని అక్క మూతి ముడుచుకుంటుంది. పొగరనుకోనీ, చెవుడనుకోవడం కన్నా నయమని ఊరుకుంది.

మధ్యాహ్నం బావ వచ్చాడు. ఆఫీసు హాల్లో మైకులు చూసేది ఆయనే. ఊళ్ళో సభలకి మైకుసెట్టు అద్దెకిచ్చి జుట్టు నెరిపించుకున్న మనిషి.

"ఏం మరదలా, నీ కంప్యూటర్‌కి గొంతు బొంగురుపోయిందట!" అంటూ సంచిలోంచి అగ్గిపెట్టెకి అన్నలాంటి నల్ల పెట్టె ఒకటి తీశాడు. "కంప్యూటర్ గొంతుని అంకెలుగా దాచుకుంటుంది. ఆ అంకెల్నుంచి శబ్దం దీని కడుపులోనే తయారైతే లోపలి ఫ్యాను గోలా, కరెంటు గోలా అన్నీ కలుస్తాయి. అంకెల్ని అంకెలుగానే బయటికి లాగి, ఇందులో శబ్దంగా మార్చామనుకో, కల్తీ ఉండదు."

వైరు కంప్యూటర్ వెనక గుచ్చాడు. పెట్టె మీద చిన్న పచ్చదీపం వెలిగింది. హెడ్‌ఫోన్ పిన్ను కంప్యూటర్లోంచి పీకి పెట్టెకి పెట్టాడు. చప్పుడు లేదు.

"హమ్మా, పాతదారినే పంపిస్తోంది మొండిది," అని తెర మూల ఉన్న స్పీకరు బొమ్మ నొక్కి, అక్కడ ఈ పెట్టె పేరు ఎంచాడు. హెడ్‌ఫోన్ తనే తగిలించుకుని పెడల్ తొక్కాడు.

బావకి ఒక అలవాటుంది. మైకులో విన్నది పైకి అంటేగానీ నమ్మడు. చెవులు మూసి ఉన్నాయి కాబట్టి, ఎదురుగా నిలబడ్డ ఆవిడకి వినబడేంత గట్టిగానే అన్నాడు.

"మెట్ల దగ్గర వాణ్ణి నేనే మొదట చూశాను. అప్పటికే ప్రాణం లేదు... అబ్బబ్బ! ముసలాయన గుటక మింగడం కూడా వినిపిస్తోంది మరదలా!"

టైపిస్టమ్మ తెర వంక చూసింది. తోశాను. చూసినవాడి చేత తోయించింది.

"ఏదీ, ఇటివ్వు," అని హెడ్‌ఫోన్ లాక్కుని పెట్టుకుంది. రొద నిజంగానే పోయింది. మాటకీ మాటకీ మధ్య తుడిచినట్టు ఉంది. ఆ మాట మాత్రం మునిగే ఉంది. పెట్టె మీది గుండ్రటి మర తిప్పింది. గొంతు పెద్దదైంది, అక్షరం మాత్రం విడలేదు. ఇంకా తిప్పింది. మర ఇక తిరగనని ఆగిపోయింది. ఇన్నాళ్ళూ రొద మీద నెట్టేసింది. ఇప్పుడు నెట్టడానికి ఏమీ మిగల్లేదు.

బావ రెండడుగులు వెనక్కి వేశాడు. హెడ్‌ఫోన్లోంచి పొంగిపొర్లుతున్న ముసలాయన గొంతు అంత దూరానికీ వినిపిస్తోంది ఆయనకి. ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాడు. పెదాలు చూసి అర్థం చేసుకుంది.

"చాలా బాగుంది బావా."

ఆయన మర వంక చూశాడు. సంచి సర్దుకుని బయట స్కూటర్ దగ్గర ఉంటానని సైగ చేశాడు.

ఆవిడ "తోశాను" చెరిపి "చూశాను" కొట్టింది. ఇది సరే, దిద్దింది. మరి దిద్దనివి? ఎంతమంది చూసినవాళ్ళు తోసినవాళ్ళయ్యారో! సూపర్నెంటు బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"పెట్టె బాగా పనిచేస్తోందండీ. నేనే పనిచెయ్యడం లేదు. నేను కొట్టినవన్నీ ఎవరిచేతనైనా మళ్ళీ వినిపించండి. రేపటి నుంచి నేను రాను."

ఆయన కంగారుగా లేచి చాలాసేపు ఏదో చెప్పాడు. అందులో "పక్షి" అన్న మాట ఒక్కటే ఆవిడకి చేరింది. తప్పయిందంటున్నాడో, మళ్ళీ ఆటపట్టిస్తున్నాడో తెలియలేదు.

"ఊఁ," అంది.

కుర్చీలోని మెత్త చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పక్క సెక్షన్ టైపిస్టుని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి హెడ్‌ఫోన్ తగిలించుకుని పెడల్ తొక్కి, కెవ్వుమని అరిచి, దాన్ని బల్ల మీదికి విసిరికొట్టింది. అందరూ చుట్టూ మూగారు. హెడ్‌ఫోన్లోంచి ముసలాయన హాలంతటికీ వినబడేలా చెబుతూనే ఉన్నాడు. పక్కన నల్ల పెట్టె మీద పచ్చదీపం వెలుగుతోంది, దాని మర చివరికంటా తిప్పి ఉంది.