ఏడాది పొడుగునా ఆహ్లాదమే

రేకులాయనకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న దురలవాటల్లా ఒక్కటే. ఫోన్‌లో తన ఊరి వాతావరణం గురించి కోతలు కోసేవాడు. ఇళ్ల కప్పులకు రేకులు బిగించే మనిషి కాబట్టి పగలంతా ఆకాశానికి దగ్గరగా ఉండేవాడు, అదేదో తన సొంత ఆస్తి అయినట్టు మాట్లాడేవాడు.

"మా కొండల్లో ఏడాది పొడుగునా ఆహ్లాదమే అక్కా! చెమట అన్న మాటే మర్చిపోయాం" అనేవాడు, సముద్రం ఒడ్డున ఉండే అక్కతో.

చెమట మాట నిజమే. ఆ పొడి గాలికి పుట్టిన చెమట పుట్టినచోటే ఆవిరైపోయేది. తక్కిన సంగతులు మాత్రం పొరపాటున కూడా చెప్పేవాడు కాదు.

అక్క రేవులో చేపల వేలం వేసేది. ఆమె గొంతు విప్పితే పడవల ఇంజన్ల మోత కూడా వెనక్కి తగ్గాల్సిందే. అలాంటి మనిషికి ఆ ఉప్పుగాలి, ఆ తేమ గుండెల్లో చేరి దగ్గు పట్టుకుంది. "ఒకటోసారి" అనేసరికి దగ్గు తెర, "రెండోసారి" అనేలోగా ఇంకొకటి, "మూడోసారి" దాకా వచ్చేసరికి కొనేవాళ్లు పక్క గుంపులోకి జారుకునేవారు. ఎత్తైన చోటికి, పొడిగాలికి వెళ్లకపోతే గొంతు మీద ఆశ వదులుకోమన్నాడు డాక్టరు. అప్పుడు గుర్తొచ్చాయి ఆమెకు తమ్ముడి కోతలు. ట్రంకుపెట్టె ఒక చేత్తో, గొడుగు ఒక చేత్తో పట్టుకుని కొండమీద బస్సు దిగింది.

బస్‌స్టాండులో టీ అమ్మే అతను గొడుగును ఎగాదిగా చూశాడు.

"అది ఎందుకమ్మా?"

"వానొస్తేనో?"

"వస్తే మాకూ ఒక మాట చెప్పండి. చూసి చాలా కాలమైంది."

ఆమె దిగింది ఆకులు రాలే కాలంలో. ఆ జిల్లాకు రాసిపెట్టిన మంచిరోజులన్నీ అప్పుడే ఖర్చయిపోతాయి. కడిగినట్టున్న ఆకాశం, పసుపుపచ్చని చెట్లు, మెత్తటి ఎండ. అక్క వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"ఒరేయ్, నువ్వు ఉత్త అబద్ధాలకోరువనుకున్నాను. తప్పు నాదే!" అంది.

రేకులాయన తల దించుకున్నాడు. అతని భార్య నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

చలికాలం చెప్పాపెట్టకుండా వచ్చింది. ఒక పొద్దున అక్క కొళాయి తిప్పితే నీళ్లకు బదులు ఒక నిట్టూర్పు వచ్చింది. మరదలు గొట్టానికి వేడిగుడ్డలు చుడుతూ, "పసిపిల్లకి కాపడం పెట్టినట్టే వదినా. ఇంక రోజూ ఇదే పని" అంది. మంచు కురిసింది గానీ ఏదో మొక్కుబడిగా కురిసింది. అది నేల మీద ఆనేలోపే గాలి పక్క ఊరికి ఊడ్చేసింది. అక్క మడమలు పగిలాయి, పెదాలు పగిలాయి. నవ్వితే పెదాలు చిట్లుతాయని ఇంటిల్లిపాదీ మూతులు బిగించుకుని తిరిగేవారు. చూసినవాళ్లు ఆస్తి తగాదా అనుకునేవారు.

"ఏదిరా నీ ఆహ్లాదం?"

"పొద్దున్నే కాస్త చలి అక్కా, అంతే. మధ్యాహ్నం ఎండ చూడు ఎలా కాస్తోందో!"

"కాస్తోంది. గోడ మీద బొమ్మలో కాసినట్టు కాస్తోంది. వేడేదీ?"

తర్వాత వసంతం రావాలి. క్యాలెండరులో అలాగే ఉంది. వచ్చింది మాత్రం గాలి. దుమ్ము అన్నంలోకి, చెవుల్లోకి, గోడ గడియారంలోకి కూడా దూరింది. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా రేకులాయన సొంత ఇంటి కప్పు లేచిపోయింది. ఊరందరి కప్పులకూ మంచి మరలు బిగించి, తన కొంపకు మాత్రం మిగిలిపోయిన మేకులు కొట్టుకున్నాడు ఆ మహానుభావుడు. పెద్ద రేకొకటి తీరిగ్గా వీధి దాటి వెళ్లి, జిల్లా అధికారి ఆఫీసు ఆవరణలో నిలిపి ఉన్న జీపు మీద వాలింది.

అక్క ముద్ద చేత్తో పట్టుకునే తలెత్తి చూసింది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

"ఇది కూడా ఆహ్లాదమేనా?"

"గాలీ వెలుతురూ బాగా వస్తున్నాయి కదక్కా" అని గొణిగాడు.

ఆమె పక్కనున్న పేపరు ఉండచుట్టి అతని మీదికి విసిరింది. గాలి దాన్ని కూడా ఎత్తుకుపోయింది.

జీపుకు పడిన సొట్టకు అధికారి కేకలు వేయలేదు. ఆయనకు వేరే అవసరం పడింది. ఊపిరితిత్తుల జబ్బులవాళ్లకు విశ్రాంతి భవనం కట్టే సంస్థ ఒకటి చోటు వెతుకుతోంది. ఆ పెద్దలు ఎండాకాలంలో చూడటానికి వస్తారు.

"ఈ గాలికి నయమైందని చెప్పే మనిషి ఒకరు కావాలయ్యా. మీ అక్కగారు లేచి నాలుగు మాటలు చెబితే చాలు. జీపు సంగతి నేను మర్చిపోతాను" అన్నాడు.

ఎండాకాలం వచ్చింది. పగలు పెనం మీద అట్టు బతుకు, పొద్దు వాలితే కంబళి. రోజూ మధ్యాహ్నం కొండల వెనక నుంచి మబ్బులు పెళ్లివారిలా మేళతాళాలతో దిగేవి. వాన దారాలు దారాలుగా వేలాడేది, నేలకు అందకుండానే గాలిలో ఆరిపోయేది. ఊరివాళ్లు అలవాటుపడి తలలెత్తడం కూడా మానేశారు. అక్కకు మాత్రం ఒళ్లు మండేది. వాకిట్లో నడుం మీద చేతులు పెట్టుకుని, "దమ్ముంటే కిందికి రా! ఊరికే ఉరిమి భయపెడతావేం?" అని మబ్బుల్ని తిట్టేది.

సభ రోజు రేకులాయన ఆమె వెంటపడ్డాడు. "అక్కా, నాలుగు మంచి ముక్కలు చెప్పవే."

"నిజం చెప్తాను."

"నిజంలోనే కాస్త మంచివి ఏరి చెప్పు."

"కుళ్లిన చేపని తాజాదని ఏనాడైనా అమ్మానా నేను? నడువు."

రేకుల కప్పు వేసిన హాలు కిక్కిరిసింది. ముందు వరసలో సంస్థ పెద్దలు, వాళ్లతో ఒక డాక్టరమ్మ. అధికారి ఏడాది పొడుగునా ఆహ్లాదమేనని ఉపన్యాసం దంచి అక్కను పిలిచాడు. ఆమె లేచి చేతులు కట్టుకుంది.

"అయ్యా, ఈ ఊరి సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను..."

అంతే. కప్పు మీద టంగుమని ఒక దెబ్బ పడింది. దాని వెనక వెయ్యి. ఏడాదంతా పిసినారితనం చూపిన ఆకాశం ఒక్కసారిగా వడగళ్లు కుమ్మరించింది. పక్కవాడి మాట పక్కవాడికి వినబడటం లేదు. ఇంకొకరైతే కూర్చునేవారే. అక్క సముద్రంతో పోటీపడిన మనిషి, గొంతు పెంచింది. కొళాయి చూపించింది, పెదాలు చూపించింది, రేకు ఎగిరిన దారి చేత్తో గీసి జీపు మీద దించింది. ఒక్క ముక్కా ఎవరికీ వినబడలేదు. అధికారికి మాత్రం ఆ జీపు అర్థమై ముచ్చెమటలు పట్టాయి. ఆ ఊళ్లో చెమట కనబడటం అదే మొదలు.

వడగళ్లు ఆగేసరికి ఆమె చెప్పాల్సిందంతా అయిపోయింది. డాక్టరమ్మ లేచి దగ్గరికొచ్చింది.

"ఎన్నాళ్లుగా దగ్గండీ మీకు?"

"ఏళ్లుగా."

"ఇంతసేపు అరిచారు కదా. ఒక్కసారైనా దగ్గారా?"

ఆ సంగతి అక్క కూడా గమనించలేదు. ఇన్ని నెలలూ వాతావరణాన్ని తిట్టడంలో పడి, తన గొంతు సంగతే మరిచింది. మెల్లగా మెడ మీద చెయ్యేసుకుంది. గుండెనిండా గాలి పీల్చి, "ఒకటోసారీ..." అని సాగదీసింది. దగ్గు రాలేదు. "రెండోసారీ..." కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడోసారి అనలేకపోయింది. రేకులాయన తల తిప్పుకుని పైన మరలు లెక్కపెడుతున్నట్టు నటించాడు.

"ఇంతకీ వాతావరణం ఎలా ఉంటుంది ఇక్కడ?" అంది డాక్టరమ్మ.

"దరిద్రంగా ఉంటుంది. కానీ ఊపిరాడుతుంది" అంది అక్క, ముక్కు చీదుతూ.

డాక్టరమ్మకు అది చాలు. అధికారి మొహాన నెత్తురు చుక్క వచ్చింది. బయట జనం సభను గాలికొదిలి బకెట్లలోకి వడగళ్లు ఎత్తుకుంటున్నారు.

విశ్రాంతి భవనం కట్టారు. అక్క మాత్రం అక్కడ చేరలేదు, తిరిగి రేవుకూ పోలేదు. కొండ కింద వారంవారం గొర్రెల సంత జరుగుతుంది. వేలం వేసే ముసలాయన గొంతు పీలగా ఉందని విని, తనే వెళ్లి రాళ్లదిబ్బ ఎక్కింది. నోరు తెరవగానే గాలి గుప్పెడు దుమ్ము కొట్టింది. తుప్పున ఉమ్మేసి, ఎదురుగా ఉన్న పొట్టేలు వైపు వేలు చూపించి మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి మంద ఖాళీ అయింది.

ఇంటికి వచ్చి మరదలితో, "చేపలే నయమే అమ్మాయ్. ఇవి అమ్ముతుంటే తిరిగి చూస్తున్నాయి" అంది.