కళ్ళు మూసిన బిడ్డ

నుచ్చో మాట తక్కువ మనిషి. ఇటలీలోని సియెనా ఊళ్ళో మరియమ్మ తల్లి పటాలు గీసీ గీసీ ముసలివాడయ్యాడు. ఈసారి మఠకన్యలు తల్లి ఒళ్ళో నిద్రపోయే బాలయేసు కావాలన్నారు. ఆ నిద్ర రేపటి సిలువ చావుకు గుర్తు. ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

బాలయేసును చూసి గీయడానికని, రొట్టెలు కాల్చే ఆయన భార్య తెస్సా తన కొడుకు మేయోను ఎత్తుకొచ్చేది. పాలు పట్టి, నిద్రపుచ్చాకే తెమ్మన్నాడు నుచ్చో. అలాగే తెచ్చేది.

ఒకరోజు పటం గీస్తున్న చెక్క చూసి అదిరిపడింది. బిడ్డ ముఖమంతా ఆకుపచ్చ.

"ఇదేంటి మేస్త్రీ! నా బిడ్డని శవాన్ని చేశారేంటి?"

"కింద పచ్చ పూస్తేనే పైన ఎరుపు బతుకుతుంది. ఎల్లుండికి బుగ్గలొస్తాయిలే."

"బుగ్గలు సరే, కళ్ళు తెరిపించండి. పడుకున్న పిల్లాణ్ణి గీయించకూడదని మా అత్త ఒకటే సణుగుడు."

"కుంచె ఇస్తా, మీ అత్తని వచ్చి గీయమను."

"నవ్వులాట కాదు మేస్త్రీ."

"వాళ్ళడిగింది నిద్ర. మెడలో పగడాలు వేస్తాలే, దిష్టి తగలదు."

"పగడాలు వాడికి ఉన్నాయి," అంది తెస్సా. బిడ్డ మెడలో నిజంగానే ఉన్నాయి.

పటం మఠానికి చేరకముందే కోతల కాలపు జ్వరాలు వచ్చాయి. మెడలో పగడాలు ఉండగానే మేయో పోయాడు.

తెస్సా వట్టి చేతులతో వచ్చి పటం ముందు నిలబడింది. ఏడవలేదు.

"ఇప్పుడన్నా తెరిపించండి మేస్త్రీ. గుళ్ళో అయినా నన్ను చూస్తాడు."

మఠకన్యలు పటం వద్దంటారు. అననీ అనుకున్నాడు నుచ్చో. గుడ్డు పగలగొట్టి పచ్చసొన గిన్నెలో వేశాడు. అందులో రంగు కలపాలి. చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ ముఖాన్నే చూశాడు. రెప్పల వెంట్రుకలు కూడా వదలకుండా గీశాడు. కళ్ళు మాత్రం ఒక్కసారీ చూడలేదు.

"ఏ రంగమ్మా?"

"మా ఆయన కళ్ళే అంటుంది మా అత్త. కాదు. ఇంట్లో నల్లగా ఉండేవి. ఎండలోకి తెస్తే..."

నుచ్చో కుంచె పట్టుకుని చూస్తున్నాడు.

"ఎండలోకి తెస్తే మూసేసుకునేవాడు."

గిన్నెలో సొన మీద పొర కట్టింది. తెస్సా తలగుడ్డ సర్దుకుంది.

"ఉండనీండి మేస్త్రీ. లేపొద్దు."

ఆమె వెళ్ళాక నుచ్చో సొనను పిల్లికి పెట్టాడు.