ఏలూరు చేతి ముడి

షార్జాలో కొత్త ఇంటికి తివాచీ కొనాలని డాక్టర్ పద్మజ పట్టుబట్టింది. అదీ పాతది, పర్షియాది, చేత్తో నేసిందే కావాలి. సాయానికి ఇంట్లో పనిచేసే అక్తర్ బీని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లింది.

కొట్టు ఇనాయతుల్లాది. ఇరాన్‌వాడైనా హిందీ దంచేస్తాడు. యాలకుల టీ పోసి, ఎర్రటి తివాచీ ఒకటి పరిచాడు.

"నూటయాభై ఏళ్లది మేడమ్! కిర్మాన్‌లో ముగ్గురాడవాళ్లు నాలుగేళ్లు నేశారు."

పద్మజ కరిగిపోయింది. అక్తర్ బీ మాత్రం వంగి ఓ మూల తిరగేసింది. వెనకవైపు నిమిరి పెదవి విరిచింది.

"ఏంటి అక్తరక్కా?"

"మిషన్‌దమ్మా. కుచ్చులు చూడండి, తర్వాత కుట్టారు. చేత్తో నేస్తే పడుగు దారాలే కుచ్చులుగా మిగుల్తాయి."

తెలుగు రాకపోయినా ఇనాయతుల్లాకు విషయం అర్థమైంది. "నీకెలా తెలుసు, బెహన్?" అన్నాడు హిందీలో.

"మాది ఏలూరు, భాయ్. పెళ్లయ్యేదాకా తివాచీల మగ్గం మీదే ఉన్నా. మా ముత్తాతల తాతలు మీ దేశం నుంచే వచ్చారంటారు."

"అయితే మనం చుట్టాలం! ఖలాస్, చుట్టాల దగ్గర అబద్ధాలెందుకు?" పగలబడి నవ్వి, లోపల్నుంచి ముదురు నీలం తివాచీ తెచ్చాడు. దాని మధ్యలో జానెడు మేర నీలం పలచబడి ఉంది.

"వెలిసిపోయిందా?" అంది పద్మజ.

"కాదమ్మా. ఓ రంగు బానలో అద్దిన ఉన్ని అయిపోతే ఇంకో బానది కలిపారు. అసలైనదే." అక్తర్ బీ ఆ చోటును వేలితో మెల్లగా తడిమింది. నేసినామెను పలకరిస్తున్నట్టుంది ఆమెకు.

పద్మజ దాన్నే కొంది. వెళ్లబోతుంటే ఇనాయతుల్లా చిమటలు కొట్టిన పాత తివాచీ ఒకటి తెచ్చి, సూది, ఉన్ని అక్తర్ బీ చేతికిచ్చాడు.

"మూడేళ్లుగా ఇది మంచి చెయ్యి కోసం చూస్తోంది."

ఇరవై ఏళ్లయింది ముడి వేసి. మొదటిది జారింది, రెండోదీ జారింది. మూడోది కుదురుగా కూర్చుంది. ఆ తర్వాత వేళ్లు ఆగలేదు.

"అక్తరక్కా, వెళ్దామా?"

"ఉండండమ్మా, ఈ పువ్వు రేకొక్కటీ!"

పద్మజ తివాచీల కట్ట మీద చతికిలబడి, తనే ఇంకో టీ పోసుకుంది.

అప్పట్నుంచి సెలవు రోజైన ప్రతి ఆదివారం అక్తర్ బీ ఆ కొట్లోనే. రంజాన్ నాటికి కన్నం పూడి, పువ్వు పూర్తయింది. మురిసిపోయి ఏలూరులోని అక్క ఫర్జానాకు ఫొటో పంపింది.

క్షణంలో జవాబొచ్చింది: "ఎడమ రేకు లావయిందే!"

అక్తర్ బీ ఫొటో పెద్దది చేసి చూసుకుంది. నిజమే. పడీ పడీ నవ్వింది.