ముందే అయిపోయిన ఆట

ఫ్రిస్కోలోని ఆ ఇంట్లో శనివారం తెల్లవారిందంటే సెల్‌ఫోన్లన్నీ మైక్రోవేవ్ మీదికి ఎక్కాల్సిందే. బోర్లా పెట్టాలి, చప్పుడు ఆపేయాలి. జపాన్‌లో ఫుట్‌బాల్ లీగ్ ఆట జరిగే వేళకి ఇక్కడ అందరూ నిద్రలో ఉంటారు. అందుకని రికార్డయిన ఆటని పొద్దున టిఫిన్లు తింటూ చూస్తారు. చూడకముందే ఎవరికీ స్కోరు తెలియకూడదు. అది శ్యామ్‌సుందర్ పెట్టిన నియమం. ఆఫీసు పనైనా సరే, మ్యాచ్ అయ్యాకే.

వాళ్ళ జట్టు ఇసోహమ. సముద్రం పక్కన చిన్న ఊరు. అక్కడి బేరింగుల ఫ్యాక్టరీలో శ్యామ్‌సుందర్ ఆరేడేళ్ళు పనిచేశాడు. భార్య రేణు బజారులో చేపలు బేరమాడేంత జపనీస్ నేర్చుకుంది. కొడుకు రుత్విక్ అక్కడే పుట్టాడు, స్టేడియం పక్క గడ్డిమీదే తొలి అడుగులు వేశాడు. వీళ్ళు ఊరు వదిలి అమెరికా వచ్చిన ఏడే ఆ జట్టు పై లీగ్ నుంచి కిందికి జారిపోయింది. ఇన్నాళ్ళకి మళ్ళీ పైకొచ్చింది. ఇరవై జట్లలో ఆఖరి మూడూ మళ్ళీ కిందికి పోతాయి. ఇసోహమ ఆ మూడింట్లో పడకూడదు. ఆ ఏడాది ఆ ఇంటి కోరికంతా అంతే.

వాళ్ళ పెద్దపిల్ల హంసికకి ఆ ఊరు ఫొటోల్లోనే తెలుసు. ఆకుపచ్చ మఫ్లర్లు చుట్టుకుని ముగ్గురూ నవ్వుతున్న ఫొటో ఒకటి పెదవేగి దగ్గర పల్లెటూళ్ళో, అమ్మమ్మ ఇంట్లో, క్యాలెండర్ పక్కన ఉండేది. జపాన్ వెళ్ళేటప్పుడు మూడేళ్ళ పిల్లని అమ్మమ్మ దగ్గర వదిలారు. స్థిరపడ్డాక తీసుకెళ్దామనుకున్నారు. తరవాత తమ్ముడు పుట్టాడు. ఇల్లు ఇరుకన్నారు, బడి భాష పిల్లకి రాదన్నారు, వచ్చే ఏడన్నారు. అలా అనుకుంటూ ఉండగానే హంసిక ఊళ్ళో హైస్కూలు దాకా వచ్చేసింది. కిందటి దీపావళి వెళ్ళాక అమ్మమ్మ పోయింది. పెద్దకర్మ నాడు పక్కింటావిడ వంటపాక దగ్గర గొంతు తగ్గించకుండానే అంది: "ఈ పిల్ల ఎవరి పంచన ఉంటే వాళ్ళు మిగలరమ్మా." సంక్రాంతి దాటాక హంసిక ఫ్రిస్కో వచ్చింది. కన్నవాళ్ళింటికే వచ్చింది గాని, ఏ డబ్బాలో పంచదార ఉందో అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది.

ఫిబ్రవరిలో సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్ రోజు హంసిక పెసరట్ల పళ్ళెం తెచ్చి సోఫా చివర కూర్చుంది. ఇసోహమ ఒక గోలుతో ముందుంది. ఆమె కూర్చున్నాక అవతలివాళ్ళు రెండు కొట్టారు. రెండో వారం మొదటినుంచీ కూర్చుంది. మూడు గోల్స్ తేడాతో ఓడిపోయారు. మూడో వారం ఆమె తలంటు పోసుకుని వచ్చేసరికి ఇసోహమ గెలిచేసి ఉంది.

పక్క ఊరు ప్లేనో నుంచి ప్రతి శనివారం వచ్చే ఆదిశేషు అంకుల్ నాలుగో వారం ఆట మధ్యలో ఆ లెక్క పట్టేశాడు. ఆయన శ్యామ్‌సుందర్‌తో కలిసి చదువుకున్నవాడు, నోరు ఊరుకోదు.

"ఒరేయ్ శ్యామూ, మీ అమ్మాయి ఐరన్ లెగ్‌రా బాబూ. అది తలంటు పోసుకుంటే తప్ప మనం గెలవం."

అందరూ నవ్వారు. రేణు కూడా నవ్వింది. రుత్విక్ ఒక్కడే అడ్డం పడ్డాడు.

"అంకుల్, ఆ మ్యాచ్ ఆల్రెడీ అయిపోయింది. ఇది రికార్డింగ్. అక్క కూర్చుంటే స్కోర్ ఎలా ఛేంజ్ అవుద్ది?"

"అది మీ అమెరికా లాజిక్‌రా. మా క్రికెట్ రోజుల్లో మా బాబాయిని బాత్రూంలో పెట్టి గొళ్ళెం పెట్టేవాళ్ళం. వంద కొట్టేదాకా తీసేవాళ్ళం కాదు. ఏరా శ్యామూ?"

"నిజమే," అని శ్యామ్‌సుందర్ కూతురి వైపు చూసి నవ్వాడు. "అమ్మలూ, పెనాల్టీ వచ్చింది. ఒక్క నిమిషం అలా లోపలికెళ్ళి రామ్మా."

హంసిక వెళ్ళింది. గోలు పడింది. హాల్లోంచి కేక వినిపించింది. ఆ కేక ఆగాక కూడా ఎవరూ ఆమెని పిలవలేదు. మరిచిపోయారు, అంతే.

ఆ తరవాత ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. శనివారం టీవీ పెట్టగానే తనే లేచి, మురికిబట్టల బుట్ట తీసుకుని బట్టలుతికే గదిలోకి వెళ్ళిపోయేది. హాలుకీ దానికీ మధ్య ఒకే గోడ. డ్రైయర్ తిరుగుతుంటే ఏమీ వినపడదు. జనం హోరు పెరిగినట్టనిపిస్తే డ్రైయర్ ఆపి, చెవి గోడకి ఆనించేది. అలా విని విని ఆటగాళ్ళందరూ ఆమెకి తెలిసిపోయారు. అమ్మానాన్నలు ఆ ఊళ్ళో ఉన్నప్పుడే కాప్టెన్ హయసె కుర్రాడిగా జట్టులో చేరాడనీ, ఇప్పుడు మోకాలు బాగాలేదనీ, అయినా కార్నర్ కొట్టేది అతనేననీ తెలుసు. గోల్‌కీపర్ మోరిని నాన్న ఎప్పుడు తిడతాడో, ఎప్పుడు "మా నాయనే" అంటాడో తెలుసు. గోలు పడితే మాత్రం ఎవరిదో వెంటనే తెలిసేది కాదు. హాల్లో కేక పుట్టిందా, నిట్టూర్పు పుట్టిందా అని ఊపిరి బిగబట్టి వినాలి.

బట్టలు సగం తడిగానే వస్తున్నాయని రేణు ఒకటి రెండుసార్లు విసుక్కుంది. "దీనికి ఆటల మీద ధ్యాస లేదు, పని మీదా లేదు," అంది ఒకసారి భర్తతో. "పోన్లే, పల్లెటూళ్ళో పెరిగిన పిల్ల, ఫుట్‌బాల్ ఏం ఎక్కుద్ది," అన్నాడతను. ఆ మాట కూడా గోడ ఇవతలికి వినపడింది.

ఆమె లేకపోయినా జట్టు ఓడిపోతూనే ఉంది. వేసవిలో వరసగా ఓడింది. అలా ఓడిన రోజుల్లో హంసిక తనలో తప్పు వెతుక్కునేది. హోరు వినబడి తలుపు కాస్త తెరిచానేమో, మనసులో చూడాలనుకున్నానేమో అని. గెలిచిన రోజు మటుకు మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న ఇసోహమ కబుర్లు చెప్పేవాడు. స్టేషన్ పక్క నూడుల్స్ కొట్టు ముసలాయన, వానలో తడిసిన గ్యాలరీ, అమ్మ మొదటిసారి మంచు చూసి జారిపడ్డం. "నీకు గుర్తుందా రేణూ" అనేవాడు. "వీడికి గుర్తుండదు, చంకలో ఉన్నాడు" అనేవాడు. హంసిక అన్నం కలుపుతూ వినేది. ఆ కబుర్లలో తనని ఎక్కడ నిలబెట్టాలో ఎవరికీ తోచేది కాదు. జట్టు నిలబడితే ఎప్పటికైనా తననీ పిలిచి కూర్చోబెడతారని ఆమె ఆశ. తనుంటే నిలబడదని భయం.

డిసెంబరు వచ్చింది. ఆఖరి మ్యాచ్. ఇసోహమ డ్రా చేసుకున్నా పై లీగ్‌లో ఉండిపోతుంది. ఓడితే పోతుంది. వారం ముందు ఆదిశేషు అన్నాడు:

"ఈసారి రిస్క్ వద్దు. హంసికని గోడవతల కాదు, ఊరవతల పెట్టాలి."

ఆయన నవ్వాడు. ఆ సాయంత్రం హంసిక వంటింట్లో తల్లి దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అడిగింది.

"అమ్మా, శనివారం పొద్దున నన్ను లైబ్రరీలో దింపుతావా?"

"హోంవర్కా? సరే. ఆట మొదలవకముందే దింపేస్తాలే," అంది రేణు పప్పు తాలింపు పెడుతూ.

శనివారం హంసికకి తెల్లవారకముందే మెలకువ వచ్చింది. ఆమె ఫోన్ మంచం పక్కనే ఉంది. ఆట చూడని మనిషి ఫోన్‌ని మైక్రోవేవ్ మీద పెట్టమని ఎవరూ అడగరు గదా. ఏడాదంతా ఆమె ఒక్కసారి కూడా ముందుగా స్కోరు చూడలేదు, తన చూపు కూడా తగులుతుందని భయం. కానీ వారంనుంచీ నాన్న సరిగ్గా తినలేదు. లైబ్రరీలో కూర్చుని ఆయన ఏమైపోయాడో అనుకుంటూ ఉండటం తనవల్ల కాదనిపించింది. చూసింది.

ఇసోహమ ఓడిపోయింది. రెండు ఒకటి. ఆఖర్లో పడిన గోలు.

ఆమె చాలాసేపు దుప్పటి కప్పుకునే ఉంది. తను నిద్రపోతుండగా ఆట అయిపోయింది. ఎవరూ సోఫాలో కూర్చోలేదు, ఎవరూ లేవలేదు. తమ్ముడు ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కని మాట, ఆ చిన్న అంకెలు చూశాక ఎక్కింది. గుండెలమీంచి ఏదో బరువు దిగినట్టయింది. వెంటనే సిగ్గేసింది. పక్కగదిలో నాన్న అప్పుడే లేచి, ఆకుపచ్చ మఫ్లర్ కోసం అలమర తలుపులు తీస్తున్నాడు.

రేణు కారు తాళాలు తీసుకుని పిలిచింది. "పద హంసీ."

"నేను వెళ్ళనమ్మా."

ఆమె హాల్లోకి వచ్చింది. శ్యామ్‌సుందర్, రుత్విక్ ఒక సోఫాలో ఉన్నారు, ఆదిశేషు కుర్చీలో ఉన్నాడు. తెరమీద ఆటగాళ్ళు వరసగా నడిచి వస్తున్నారు. మొత్తం గదిలో ఆట ఎలా ముగుస్తుందో తెలిసింది ఆమె ఒక్కదానికే. తను లోపలికి పోవచ్చు. పోతే ఏ మాటా పడక్కర్లేదు. కానీ ఆ ఆఖరి గోలు పడేటప్పుడు నాన్న పక్కన ఉండాలనిపించింది. నింద పడితే పడనీ అనుకుంది.

"నాన్నగారూ, నేనూ కూర్చోవచ్చా?"

ఆదిశేషు దగ్గాడు. శ్యామ్‌సుందర్ ఒకసారి ఆదిశేషు వైపు చూశాడు. ఆ క్షణకాలపు తటపటాయింపు హంసిక చూసింది. చూసి కూడా అక్కడే నిలబడింది.

"కూర్చో," అన్నాడు చివరికి, పక్కకి జరిగి.

తాళాలు చేతిలోనే పెట్టుకుని రేణు కూడా వచ్చి కూర్చుంది. ఆట మొదలైన కాసేపటికే హయసె కార్నర్ కొట్టాడు. బంతి ఎవరి తలకో తగిలి లోపల పడింది. ఇల్లు దద్దరిల్లింది. శ్యామ్‌సుందర్ కూతుర్ని దగ్గరికి లాక్కుని మఫ్లర్ సగం ఆమె మెడకి చుట్టాడు.

"ఎవర్రా ఐరన్ లెగ్ అంది? నా తల్లి గోల్డెన్ లెగ్‌రా! శేషూ, లెంపలేసుకో."

"వేసుకున్నా, వేసుకున్నా. ఇకనుంచి ఈ పిల్ల కదిలితే ఒట్టు."

హంసిక కదల్లేదు. నాన్న చెయ్యి ఆమె భుజం మీద ఉంది. అంతసేపు ఆ చెయ్యి అక్కడ ఉండటం ఆమెకి తెలిసి అదే మొదటిసారి. హయసె గురించి ఆయన చెవిలో చెబుతున్నాడు, ఆమెకి అన్నీ తెలిసినవే. అయినా "అవునా" అంది. ఆయన నవ్విన ప్రతిసారీ ఆమె తెర మూలనున్న గడియారం వైపు చూసింది. ఆట ఇక్కడే ఆగిపోతే బాగుండుననిపించింది.

రెండో సగంలో అవతలివాళ్ళు సమం చేశారు. "డ్రా చాలు, డ్రా చాలు," అని శ్యామ్‌సుందర్ గొణిగాడు. ఆయన వేళ్ళు ఆమె భుజాన్ని నొక్కాయి. ఇంకా ఏదో కొద్దిసేపు ఉందనగా మోరి చేతుల్లోంచి బంతి జారింది. అవతలి జట్టు తెల్ల చొక్కావాడొకడు దాన్ని మెల్లిగా లోపలికి తోశాడు.

భుజం మీది చెయ్యి జారి కిందికి దిగింది.

"చెప్పలా నేను," అన్నాడు ఆదిశేషు. ఈసారి నవ్వలేదు. తను అన్నమాట తనకే బాగోలేక, బూట్లు వెతుక్కుని, "వస్తాన్రా," అని వెళ్ళిపోయాడు.

తెరమీద ఆటగాళ్ళు గ్యాలరీ ముందు వరసగా నిలబడి నడుములు వంచారు. చాలాసేపు అలాగే ఉన్నారు. హయసె అందరికంటే ఆలస్యంగా తలెత్తాడు. శ్యామ్‌సుందర్ ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు.

"నాకు తెల్లవారుజామునే తెలుసు నాన్నగారూ," అంది హంసిక. "ఫోన్‌లో చూశాను."

ఆయన తలెత్తాడు. "తెలుసా? మరి తెలిసీ వచ్చి ఎందుకు కూర్చున్నావు?"

"మీరు బాధపడతారని."

"మొదట్లో తప్ప ఏడాది పొడుగునా కూర్చోలేదు గదమ్మా నువ్వు. నీకిష్టం లేదనుకున్నాం."

"నేనుంటే ఓడిపోతుందన్నారుగా."

"తమాషాకి అన్నాంరా తల్లీ," అంది రేణు.

"నాకు తెలీదమ్మా," అంది హంసిక. తప్పు పట్టినట్టు కాదు, దారి అడిగినవాళ్ళకి చెప్పినట్టు అంది. "ఊళ్ళో కూడా అలాగే అన్నారు. వాళ్ళు తమాషాకి అన్లేదు."

శ్యామ్‌సుందర్ భార్య వైపు చూశాడు. రేణు తాళాలు బల్లమీద పెట్టి కూతురి ముందు నేలమీద కూర్చుంది, ఏం చెయ్యాలో తెలియక ఆమె పాదాలమీద చేతులు వేసింది.

"డాడ్, సెకండ్ డివిజన్ మ్యాచెస్ ఈ యాప్‌లో రావు," అన్నాడు రుత్విక్ నెమ్మదిగా. "నెక్స్ట్ ఇయర్ శనివారాలు ఏం చేస్తాం?"

శ్యామ్‌సుందర్ రిమోట్ అందుకున్నాడు. ఫిబ్రవరి మ్యాచ్ దాకా వెనక్కి వెళ్ళి ఆగాడు. "పాతవన్నీ ఈ నెలాఖరు దాకా ఉంటాయమ్మా. మొదటినుంచి పెడతాను. నలుగురం కలిసి చూద్దాం. ఆఁ?"

హంసిక తెర వైపు చూసింది. అందులో ఇసోహమ ఇంకా ఒక్క ఆటా ఓడలేదు, జనం జెండాలు ఊపుతున్నారు.

"వద్దు నాన్నగారూ," అంది. "అవన్నీ అయిపోయాయిగా."

ఆయన టీవీ ఆపేశాడు. ఎవరూ లేవలేదు. హంసిక కూడా లేవలేదు.