కొయ్య పాదాలు

బావమరిది దొంగ. ఆడవాళ్ల చెప్పుల అచ్చులు ఎత్తుకుపోయాడు. జోళ్ల మేస్త్రికి ఇది పొద్దు పొడిచినంత నిజం. ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. అడిగితే రెండుసార్లు చెప్పేవాడు.

అవి అలాంటిలాంటి అచ్చులు కావు. పెళ్లయిన కొత్తలో భార్య పాదాల కొలతకి తన చేత్తో చెక్కిన కొయ్య పాదాలు. వాటిమీద తోలు బిగించి కుట్టిన చెప్పు ఎవరినీ కరిచి ఎరగదు. వీధివార గోనెపట్టా మీద కూర్చుని తెగిన చెప్పులు కుట్టుకునేవాణ్ణి కార్ఖానా యజమానిని చేసింది ఆ చెప్పులే. తర్వాత భార్య జబ్బుపడి చనిపోయింది. వెనకాలే చూసుకుంటే అచ్చులు లేవు, తన దగ్గరే పని నేర్చిన ఆవిడ తమ్ముడూ లేడు. పక్కవీధిలో వాడి దుకాణం తెరుచుకుంది. మేస్త్రి పట్టుదలకి పోయి కొత్త అచ్చులు చెక్కాడు. కొలతకి పాదాలు లేవు, వేసుకు నడిచి తప్పు చెప్పే మనిషి లేదు. ఆ చెప్పులు కుక్కల్లా కరిచాయి. దాంతో ఆడవాళ్ల చెప్పులు మానేసి, మగవాళ్ల జోళ్లతో నెట్టుకొస్తున్నాడు.

కిందనుంచి పైకొచ్చినవాడని వర్తక సంఘం వాళ్లు, కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లకి నాలుగు మంచిమాటలు చెప్పమని పిలిచారు. మేస్త్రి ఎడమకాలికి తన జోడు, కుడికాలికి పోటీవాడి జోడు వేసుకుని వెళ్లాడు. ఎప్పుడూ అంతే. జనం మొదట్లో నవ్వారు, తర్వాత అలవాటుపడ్డారు.

“ముందు ఇంకొకడి చెప్పు బాగుచెయ్యండి. ఎక్కడ తెగుతుందో తెలీనివాడికి ఎక్కడ కుట్టాలో ఏం తెలుస్తుంది? పోటీవాడి సరుకు కాలికి తగిలించుకు తిరగండి. వాణ్ణి తిట్టడానికి బోలెడు టైముంది. ముందు వాడి జోడు ఎక్కడ హాయిగా ఉందో చూడండి. ఒక మనిషి రోజంతా నడిచి చూడనిదే ఏ చెప్పూ అమ్మకండి.”

“పెట్టుబడి ఎక్కణ్ణుంచి తెచ్చారండీ?” వెనకనుంచి ఒకాయన అడిగాడు.

“మోకాళ్లలోంచి. ఇప్పుడవి వంగవు.”

నవ్వారు. బేకరీ పెట్టబోతున్న ఒకావిడ లేచింది. “ఆడవాళ్ల చెప్పులు వేసుకుని ఎవరు నడిచేవాళ్లు బాబాయిగారూ?”

“మా ఆవిడ.”

“ఆవిడకి జీతం ఇచ్చేవారా?”

“ఇంటి మనిషికి జీతమేంటమ్మా? తినేది మా ఇంటి అన్నమేగా!”

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేస్త్రి అది పట్టించుకోలేదు. “చివరిగా ఒకటి. చుట్టాన్ని మాత్రం పనిలో పెట్టుకోకండి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు” అంటూ అచ్చుల కథ ఎత్తుకున్నాడు.

మెట్లు దిగుతుంటే టోకు వ్యాపారి చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

“మేస్త్రీ, పెద్దాసుపత్రి నర్సులందరికీ జోళ్లు కావాలి. పొద్దస్తమానం నిలబడే ఉద్యోగాలు. నీ కుట్టు ఊడదు, నీ బావమరిది అచ్చు కరవదు. ఇద్దరూ ఒకచోట కూర్చుని చేస్తేనే ఆర్డరు. రేపు సాయంత్రానికి నాకు సంగతి తెలియాలి.”

“వాడితోనా? కుక్కకాటుకి చెప్పుదెబ్బ అన్నారు. ఆ దెబ్బ వాడికింకా పడలేదు.”

“అది పడేలోపల నీ కార్ఖానాకి తాళం పడుతుంది.”

మాట చేదుగా ఉన్నా అబద్ధం కాదు. సగం మిషన్ల మీద గుడ్డ కప్పి ఉంది. మిగిలిన పనివాళ్లు ఈ నెల దాటితే ఎటు పోవాలా అని చూస్తున్నారు.

మర్నాడు కార్ఖానాకి వెళ్లేసరికి గుమ్మం బయట బావమరిది భుజాన సంచితో నిలబడి ఉన్నాడు. లోపల్నుంచి మేస్త్రి కూతురు వచ్చింది. కార్ఖానా వ్యవహారాలు చూసేది ఆ పిల్లే.

“నేనే రమ్మన్నాను నాన్నా. మావయ్య అచ్చులు తెచ్చాడు.”

“దొంగసొత్తు నా గుమ్మం ఎక్కకూడదు.”

“దొంగసొత్తే అనుకో బావా,” అన్నాడు బావమరిది. “దొంగే తిరిగి తెచ్చాడనుకో. లోపల అంతమంది పనివాళ్లున్నారు. తీసుకో.”

“అనుకోవడమేంట్రా! మరి నా ఇంట్లోంచి ఆ కొయ్యపాదాలు వాటంతటవే నడిచి నీ కొట్టుకొచ్చాయా?”

“అమ్మ ఇచ్చింది,” అంది కూతురు.

“నువ్వూరుకోవే తల్లీ!” బావమరిది గాభరాపడ్డాడు.

“ఎన్నాళ్లు ఊరుకోను మావయ్యా? ఊరందరి ముందూ నువ్వు దొంగవైపోయావు. నాన్నా, సంచి పట్టుకుంది నేను. అందులో వేసింది అమ్మ. అప్పటికే లేచి కూర్చోలేకపోతోంది. మావయ్య అన్నేళ్లు పనిచేసి వాటా అడిగితే, అన్నం పెడుతున్నానుగా అన్నావట. ‘ఇవి నా పాదాలు, నా ఇష్టం’ అని ఇచ్చేసింది.”

మేస్త్రి బావమరిది వైపు తిరిగాడు. “మరి ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు?”

“అక్క ఒట్టు వేయించుకుంది. ‘కోపం నా మీదకొస్తే తీర్చుకోడానికి నేనుండను, ఆయన లోలోపల కుళ్లిపోతాడు. నీ మీదైతే తిట్టుకుంటూ బతికేస్తాడు, నువ్వు పడు’ అంది. పడ్డాను.”

లోపల మిషన్లు ఆగిపోయాయి. అందరూ వింటున్నారు. మేస్త్రికి ఏదో ఒకటి అనాలనిపించింది. తిట్టడానికి ఎదురుగా ఉన్నవాడు దొంగ కాదు. దొంగ అనదగిన మనిషి బతికి లేదు.

సంచి లాక్కుని ఒక అచ్చు బయటికి తీశాడు. మడమ దగ్గర బొటనవేలితో తడిమాడు.

“ఇక్కడ తోలుముక్క అంటించిందెవడు?”

“నేనే. అందరి పాదాలూ అక్క పాదాల్లా ఉండవు కదా బావా. కొనేవాళ్లని రోజంతా వేసుకుని నడిచి రమ్మన్నాను. ఇక్కడ ఇరుకన్నారు.”

“అంచు సరిగ్గా చెక్కలేదు.”

“నువ్వు చెక్కు.”

మేస్త్రి ఉలి తెమ్మన్నాడు. టోకు వ్యాపారికి సరేనని కబురు పెట్టమన్నాడు. లాభంలో చెరిసగం అన్నాడు. ఆ మాట అనడానికి పళ్లు బిగపట్టాల్సొచ్చింది. క్షమించాడా అంటే, లేదు. బావమరిది ఇన్నేళ్లు నోరు మూసుకున్నందుకు క్షమించలేదు. కూతురు నోరు తెరిచినందుకు క్షమించలేదు. భార్య సంగతి ఎవరూ అడగలేదు.

“నాన్నా, అమ్మ ఆ రోజు ఇంకో మాట కూడా...”

“వద్దు.” ఉలి కింద పెట్టకుండానే అన్నాడు. “తోలు గురించి అడగండి, కుట్టు గురించి అడగండి. ఇది మాత్రం నా దగ్గర ఎవరూ ఎత్తకూడదు. నేనూ ఎత్తను.”

ఎత్తలేదు.