పెరుగు అన్న ఒక్క మాట

నేను ఒక మందు సీసాను. చిటికెనవేలంత ఉంటాను. నా కడుపులో ఉన్నది చిటికెడు తెల్ల పొడి. చదువుకున్నవాళ్లు దాన్ని పెప్టైడ్ అంటారు. మీ ఒంట్లో ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లే కబురు లాంటిది అది. ఎక్కడో ఫ్యాక్టరీలో నన్ను తయారుచేసినవాళ్లు దానికి ఒకే మాట నేర్పారు: పెరుగు.

పుట్టినప్పుడు నా ఒంటిమీద "పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు" అని చీటీ ఉండేది. నరసరావుపేటలో డాక్టర్ శ్రీకర్ గారు దాన్ని గోటితో గీకేసి, తన ఆసుపత్రి పేరు అంటించారు. పెద్దమనిషి, నన్ను మందును చేశారు.

ఆయన దగ్గరికి వకుళ వచ్చింది. బడిలో వాలీబాల్ నేర్పే టీచరు. కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. ఇలాగైతే గ్రౌండు వదిలేసి ఆఫీసులో కూర్చోమని హెడ్మాస్టరు అప్పటికే అనేశారు. ఆట లేకపోతే తను లేనట్టేనని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. దెబ్బతిన్న కండ మళ్లీ పెరుగుతుందని, ఇది ఒంట్లో ఉండే సరుకేనని డాక్టరు ధైర్యం చెప్పారు. ఒంటిమీద గడ్డలేమైనా ఉన్నాయా అని మాత్రం అడగలేదు. బయట జనం కిక్కిరిసి ఉన్నారు, పాపం.

వకుళ నన్ను ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టింది. దాని పేరు, నా మాట ఒకటేనని నవ్వుకున్నాను. నా పొడిని నీళ్లలో కరిగించి, రోజూ నన్ను కొంచెం సూదిలోకి లాగి పొట్టకు పొడుచుకునేది. నా మాట భుజం విన్నది. ఇంకెవరో కూడా విన్నారు. నాకు భయమేసింది.

కొన్ని వారాలకు చెయ్యి నిలువునా లేచింది. ఆ సంబరంలో వకుళ ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంచి, అక్క సరోజినికి బంతి కొట్టినట్టు చేసి చూపించింది. సరోజిని నవ్వలేదు. ఇన్నాళ్లూ లేవని చెయ్యి లేచేసరికి చంక కనబడింది.

"ఏంటే అది, నిమ్మకాయంత ఉంది?"

"సెగ్గడ్డలే అక్కా. మొన్నటిదాకా శనగ్గింజంతే ఉండేది. ఎండలు తగ్గితే అదే పోద్ది."

సరోజిని వేలితో నొక్కి చూసింది.

"నొప్పుందా?"

"లేదు."

"సెగ్గడ్డకి నొప్పి లేకపోవడమేంటే?"

వకుళ చెయ్యి మెల్లగా దించింది. నన్ను తీసి వెలుతురుకు పెట్టి చూసింది. అడుగున నాలుగు చుక్కలే ఉన్నాను. మిగతాదంతా ఆమె ఒంట్లో ఉంది. వెనక్కి పిలుద్దామంటే, ఆగు అన్న మాట నాకెవరూ నేర్పలేదు.